ఆరు లీటర్ల బండికి ఎనిమిదిన్నర

ముందే చెప్పేస్తున్నాను, ఎవరికీ ఏమీ కాలేదు. మా అప్ప బాగానే ఉంది, మనవడు బాగానే ఉన్నాడు, బండి కూడా బతికే ఉంది. పోయిందల్లా నా పరువు. అదైనా ఒక్కసారిగా పోలేదు, లీటరు లీటరుగా పోయింది. అందుకే మొదట్నుంచీ చెప్పాలి. టీ చల్లారితే నన్ననకండి.

నేను శృంగవరపుకోటలో హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత నవ్వుకోడానికి పనికొస్తుంది. మా ఆయనకి కొత్తవలసలో రైల్వే ఉద్యోగం. మాట తక్కువ మనిషి. రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో నాలుగు 'సరే'లు.

పోయిన వేసవిలో మాకో పిచ్చి పట్టింది. అంటే నాకు పట్టింది, ఆయన సరే అన్నారు. ఒక స్కూలు వాళ్ళు అమ్మేస్తున్న పాత వ్యాను కొన్నాం. సీట్లు పీకించేశాం. లోపల ఒక మంచం, గ్యాస్ పొయ్యి పెట్టుకునే బల్ల, చిన్న సింకు, కిటికీలకి పూల కర్టెన్లు. సెలవులొస్తే ఎక్కడికైనా పోవచ్చు, ఎక్కడైనా ఆపి వండుకు తినొచ్చు. నేను దాన్ని మోటార్‌హోమ్ అంటాను. మా వీధివాళ్ళు ఇల్లుబండి అంటారు. మా బావ మాత్రం 'సింకున్న ఆటో' అంటాడు.

బావంటే మా అప్ప మొగుడు రామునాయుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. వాళ్ళది సాలూరు. సాలూరంటే లారీల ఊరని ఎవరినడిగినా చెప్తారు. అక్కడ ముప్పై ఏళ్ళు లారీ తోలిన మనిషి మా బావ. రెండేళ్ళయింది, కళ్ళు సరిగ్గా ఆనటం లేదని స్టీరింగ్ వదిలేశాడు. నోరు మాత్రం వదల్లేదు. నేను సైకిలు నేర్చుకుంటూ ముళ్ళకంపలో పడ్డ రోజు నుంచి ఇప్పటిదాకా, నేను ఏ చక్రం పట్టుకున్నా ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

ఇక అసలు సంగతి. మూడు నెలల క్రితం అప్పకి నడుము ఆపరేషనయింది. విశాఖలో చేయించి, చూపించుకోడానికి దగ్గరని మా ఇంట్లోనే ఉంచుకున్నాను. ఎక్కువసేపు కూచోకూడదన్నారు డాక్టరు. పడుకోవాలి, అదీ చదునుగా, ఒక పక్కకి ఒరగకుండా. సరిగ్గా ఈ రోజుల్లోనే అప్ప కూతురు దివ్యకి నెలలు నిండాయి. తొలి కాన్పు. పుట్టింట్లో తల్లి పురుడు పొయ్యాలి. తల్లే మంచం మీదుంటే ఎవరు పోస్తారు? సాలూరులోనే ఉన్న అత్తారింట్లో పురుడు పోసుకుంది పిల్ల. మగపిల్లాడు. అప్ప ఫోన్లో వాడి ఫొటో చూసేది, చూసి ఫోను బోర్లా పెట్టేసేది.

ఇరవై ఒకటో రోజు బారసాల పెట్టారు. ఆదివారం పదకొండుంపావుకి ముహూర్తం. మనవణ్ణి తన చేత్తో ఉయ్యాల్లో వెయ్యాలని అప్ప కోరిక. డెబ్భై కిలోమీటర్లు కూచుని వెళ్ళలేదు. అంబులెన్సు మాట్లాడదామంటే ఇంతెత్తున లేచింది.

"శుభమా అని బారసాలకి అంబులెన్సులో దిగుతానా? సూసినోళ్ళు ఏటనుకుంటారే?" అంది.

అప్పుడు నేను, "మన ఇల్లుబండి ఉంది కదా అప్పా, మంచం మీద పడుకుని రా, నేను తోల్తాను" అన్నాను. అప్ప నా మొహంలోకి చూసి, మూడు నెలల్లో మొదటిసారి పళ్ళు కనపడేలా నవ్వింది. ఆ నవ్వు చూశాక నేను ఇంక ఆగుతానా.

అప్పటికి మంచం, బల్ల, సింకు ఇంకా మాటల్లోనే ఉన్నాయి, కట్టలేదు. మా వీధి చివర వడ్రంగి సింహాచలాన్ని పిలిచాను. డాక్టరు చెప్పిన మాటే చెప్పాను. మంచం చదునుగా ఉండాలి, ఒక్క నూలు కూడా తేడా రాకూడదు అని. నూలంటే వడ్రంగుల లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు. సింహాచలం మాటంటే మాట మీదుండే మనిషి. మా వాకిట్లో నిలబెట్టిన బండిలోకెక్కి, రసమట్టం పెట్టి చూసుకుంటూ, మంచం, బల్ల, సింకు కింద చెక్క, అన్నీ ఒకే మట్టానికి కట్టాడు. రసమట్టం మీరు చూసే ఉంటారు. చిన్న గాజుగొట్టంలో నీళ్ళు, అందులో ఒక బుడగ. బుడగ మధ్యలో ఆగితే చదును అని లెక్క. పనయ్యాక దాన్ని మా బండిలోనే మర్చిపోయాడు. అదే నా కొంప ముంచింది.

శుక్రవారం సాయంత్రం బావ ఫోన్ చేశాడు. బారసాల పనులన్నీ ఆయన నెత్తి మీదే ఉన్నాయి, పుట్టింటి సారె ఆయనే పట్టుకెళ్ళాలి, అయినా ధ్యాసంతా ఈ బండి మీదే. ఇంజినాయిలు మార్చి ఎన్నాళ్ళయిందో కనుక్కున్నావా అనడిగాడు. కనుక్కోలేదన్నాను. "అయితే రేపే మార్పించు. నువ్వు మాత్రం సెయ్యెట్టకు సిన్నీ. స్పేనరంటే సాక్పీసు కాదు" అన్నాడు.

ఆ చివరి మాట అనకుండా ఉంటే ఇదంతా జరిగేది కాదు. మర్నాడు రెండో శనివారం, స్కూలు లేదు. మార్పించడమేమిటి, నేనే మారుస్తాను అనుకున్నాను. రాత్రి కూచుని వీడియోలు చూశాను. ఒకటి కాదు, ఏడు. వాటిల్లో అందరూ తెల్ల చొక్కాలేసుకుని ఆయిల్ మార్చేస్తున్నారు, మరక పడదు.

పొద్దున్నే మొదట చేసిన పని గేజి తీసి చూడటం. ఇంజిన్లో ఆయిల్ ఎంతుందో చూడ్డానికి సన్నటి ఇనప పుల్ల ఒకటి ఉంటుంది, దాన్నే గేజి అంటాం. చివర్న రెండు గీతలుంటాయి. ఆయిలు ఆ రెండింటి మధ్యనుండాలి. కింది గీత దాటి దిగకూడదు, పై గీత దాటి ఎక్కకూడదు. నేను చూసేసరికి పుల్ల కొసకి మాత్రం కాస్త తడి అంటుకుంది. పాత ఓనర్లు ఈ బండిని ఎండగట్టేశారు పాపం, అనుకున్నాను. నా చేతిలో పడింది కాబట్టి బతికింది, అని కూడా అనుకున్నాను.

తర్వాత చాప పరుచుకుని బండి కిందకి దూరాను. నట్టు విప్పాను. విప్పడం సులువే, విప్పాక చెయ్యి వెనక్కి తీసుకోవాలన్న సంగతి ఏడు వీడియోల్లోనూ ఎవరూ చెప్పలేదు. నల్లటి ఆయిలు మోచేతిదాకా వచ్చింది. సరే, ఫిల్టరు మార్చాను, నట్టు బిగించాను. బండి పుస్తకంలో ఫిల్టరుతో కలిపి ఆరు లీటర్లని రాసుంది. అయిదు లీటర్ల డబ్బా ఒకటి, లీటరు డబ్బాలు నాలుగు తెచ్చి పెట్టుకున్నాను. అయిదు పోశాను. ఇంజిను ఒక్క నిమిషం ఆన్ చేసి ఆపి, పది నిమిషాలు ఆగి గేజి తీశాను. ఏమీ అంటలేదు.

పుస్తకంలో ఇంకో మాట కూడా ఉంది. బండి చదునైన చోట ఉన్నప్పుడే గేజి చూడాలట. ఇక్కడే నాలో టీచరమ్మ నిద్ర లేచింది. ఊరికే కంటితో చూసి చదును అనేస్తే అది సైన్సెలా అవుతుంది? లోపలికెక్కాను. సింహాచలం మర్చిపోయిన రసమట్టం తీసి పొయ్యిబల్ల మీద పెట్టాను. బుడగ సరిగ్గా మధ్యలోకొచ్చి కూచుంది. పొడవుగా పెట్టి చూశాను, అడ్డంగా పెట్టి చూశాను. కదల్లేదు. బండి చదునుగా ఉంది, సందేహం లేదు.

ఆరో లీటరు పోశాను. కొస తడిసింది. ఏడోది పోశాను. కింది గీతకి ఇంకా కొంచెం దిగువనే ఉంది. నేను ఎనిమిదో లీటరు డబ్బా మూత తిప్పుతుంటే పక్కన గరాటు పట్టుకుని నిలబడ్డ మా ఆయన, "ఆరు అని కదా రాసుంది" అన్నారు.

"పుస్తకం రాసినవాడు మన బండిని చూశాడా? పాత బండి, దాహం ఎక్కువ" అన్నాను. ఆయన సరే అన్నారు. ఎనిమిదిన్నర దగ్గర ఆయిలు పై గీతని అందంగా తాకింది. ఆ పుల్లని వేళ్ళ మధ్య పెట్టుకుని ఫొటో తీసి బావకి పంపించాను. చూసి ఫోన్ చేశాడు. పరవానేదు, బాగానే మార్సినావు, అన్నాడు. ముప్పై ఏళ్ళలో మా బావ నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ పూట నేను అన్నం కూడా సరిగ్గా తినలేదు, కడుపు నిండిపోయింది.

ఆదివారం ఏడున్నరకి బయల్దేరాం. అప్పకి కొత్త చీర కట్టాను, తల్లో పూలు పెట్టాను. నేనూ మా ఆయనా జాగ్రత్తగా ఎత్తి మంచం మీద పడుకోబెట్టాం. తల వెనక్కి, కాళ్ళు నా డ్రైవరు సీటు వైపుకి. పక్కన మనవడికి అప్ప తెప్పించిన గులాబీ రంగు స్నానాల తొట్టె, అందులో సబ్బులు, తువ్వాళ్ళు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. వాకిట్లోంచి వెనక్కి తీసి రోడ్డెక్కాను.

రోడ్డెక్కి కొంచెం దూరం వెళ్ళామో లేదో అప్ప గొంతు వినిపించింది. "సిన్నీ, నాను కిందకి జారిపోతన్నానేటే" అంది.

రోడ్డు పల్లంగా ఉందిలే అప్పా అన్నాను. మంచం మీద రెక్సిన్ పరుపు కొత్తది, నున్నగా ఉంది. నేను బ్రేకు వేసిన ప్రతిసారీ అప్ప కొంచెం కొంచెంగా నా వైపు వస్తోంది. గజపతినగరం దాటేసరికి అప్ప కాళ్ళు నా సీటు వెనక తగిలాయి. రోడ్డు ఇంకా పల్లమేనా, ఇలాగైతే సాలూరు ఎల్లేసరికి పాతాళంలో దిగుతాం గావాల, అని అప్ప సణిగింది. మా ఆయన మాట్లాడకుండా లేచి, అప్పని మెల్లగా పైకి జరిపి, ఆవిడ పాదాలకి తన వీపు ఆనించి కింద కూచున్నారు. ఇంక అంతే, దారంతా ఆయన అలాగే ఉన్నారు.

ఇంకాస్త దూరం వెళ్ళాక ఒక మోటారు సైకిలతను నా కిటికీ పక్కకొచ్చి వెనక్కి చెయ్యి చూపించి ఏదో అరిచాడు. అద్దంలో చూశాను. వెనక రోడ్డు లేదు. తెల్లగా, నీలంగా పొగ. ఆ పొగలోంచి ఒక బస్సు ముక్కు మాత్రం బయటికొచ్చి హారన్ కొడుతోంది. బండి పక్కకి తీసి ఆపేశాను. టైము తొమ్మిది కావొస్తోంది.

కాసేపాగి గేజి తీశాను. ఆయిలు పై గీత దాటి ఇంకో రెండు వేళ్ళ ఎత్తున ఉంది. తుడిచి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే. ఆ తర్వాత లోపలికెళ్ళి పొయ్యిబల్ల మీద రసమట్టం పెట్టాను. బుడగ పరిగెత్తుకెళ్ళి ఆ చివర కూచుంది. నమ్మండి, నా ప్రాణం లేచొచ్చింది. తప్పు నాది కాదు, రోడ్డుది. రోడ్డు వాలుగా ఉంది, అందుకే గేజి తప్పు చూపిస్తోంది, అనుకున్నాను.

చదువుకున్నవాళ్ళు ఇంతటితో ఆగరు కదా. పొలం గట్టు మీద పలకరాళ్ళు పడున్నాయి. నేనూ మా ఆయనా మోసుకొచ్చి ముందు చక్రాల దగ్గర ఒకదాని మీదొకటి పేర్చాం. వాటి మీదకి బండిని మెల్లగా ఎక్కించాను. జానెడు ఎత్తు లేచేసరికి బుడగ మధ్యలోకొచ్చింది. గేజి తీశాను. ఆయిలు సరిగ్గా పై గీత మీద! నేను మా ఆయనకి పుల్ల చూపించి, చూశారా అన్నాను. ఆయన పుల్లకేసి చూశారు, రాళ్ళకేసి చూశారు. ఈసారి సరే అనలేదు. నేనది పట్టించుకోలేదు.

మళ్ళీ స్టార్ట్ చేశాను. పొగ రెట్టింపయింది. అంతేకాదు, నేను కాలు తీసేసినా ఇంజిను దానంతటదే గర్రుమని లేచింది. తాళం తిప్పి ఆపేశాను. ఆపాక కూడా రెండు మూడు సెకన్లు గుర్రుమని, అప్పుడు ఆగింది. ఆ రెండు సెకన్లూ నా వెనక మంచం మీద అప్ప ఉందన్న సంగతి తప్ప నాకింకేమీ తోచలేదు. సిగ్గులేకుండా చెప్తున్నాను, ఏడుపొచ్చేసింది.

లోపల్నుంచి అప్ప, "టైమెంతయిందే?" అని మాత్రం అడిగింది. తొమ్మిదిన్నర అన్నాను. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, కొత్త చీర కుచ్చిళ్ళు చేత్తో సర్దుకుంది. ఆ సర్దుకోవడం చూశాక నాలో మిగిలిన పొగరంతా దిగిపోయింది. ఫోన్ తీసి బావకి చేశాను.

మొత్తం చెప్పాను. ఇప్పుడు నవ్వుతాడు, ఇప్పుడు నవ్వుతాడు అని చెవి దగ్గర ఫోను పెట్టుకుని కాచుకున్నాను. నవ్వలేదు.

"మీ అప్ప ఎలగున్నాది?" అన్నాడు.

పడుకునుంది, బాగానే ఉంది అన్నాను.

"నొప్పని ఏటైనా అన్నాదా?"

లేదన్నాను. "బండి ముట్టుకోకు. అక్కడే ఉండు" అని పెట్టేశాడు. అంతే. ముందురోజు మెచ్చుకోలు పోతే, మా బావ నాతో మాట్లాడిన మాటల్లో ఎక్కిరింపు లేనివి అవే అనుకుంటాను. నాకింకా భయమేసింది.

ఇరవై నిమిషాలయిందో లేదో ఒక లారీ వచ్చి మా వెనకాల ఆగింది. సాలూరు లారీ. దాంట్లోంచి తలకి తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన దిగాడు. పేరు పైడిరాజు, బావతో పాతికేళ్ళు ఒకే రోడ్డు మీద తోలినవాడట. నాయుడి మరదలు పంతులమ్మ మీరేనా అనడిగాడు. ఔనన్నాను. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు చక్రాల దగ్గర ఆగాడు.

"ఈ రాళ్ళేటమ్మా?"

రోడ్డు వాలుగా ఉందండీ, చదును కోసం పెట్టాం, అన్నాను.

"వాలని ఎవులు సెప్పినారు?"

నేను రసమట్టం చూపించాను. ఆయన దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసి, రోడ్డు పక్క వరిమడి వైపు చెయ్యి చూపించాడు. నాట్లేసి నాలుగు రోజులయిందేమో, మడి నిండా నీళ్ళు నిలబడున్నాయి. రోడ్డు అంచు ఆ నీటి పొడవునా ఒకే ఎత్తులో సాగిపోతోంది. "మడిలో నీరు అబద్దమాడదు కదమ్మా. రోడ్డు సాపుగానే ఉన్నాది" అన్నాడు.

రాళ్ళ మీంచి బండి దింపమన్నాడు. ఇంజిను వెయ్యకుండా ముగ్గురం తోసి దింపాం. అప్పుడు రసమట్టం తీసుకెళ్ళి తన లారీ ముందు కమ్మీ మీద పెట్టాడు. బుడగ మధ్యలో ఉంది. మా బండి లోపల నేల మీద, ఇనప రేకు మీద పెట్టాడు. మధ్యలో ఉంది. పొయ్యిబల్ల మీద పెట్టాడు. బుడగ ఆ చివరికి పోయింది. ఆయన నా వైపు తిరిగి, ఈ బల్ల ఎక్కడుండగా కట్టించినారు అనడిగాడు. మా వాకిట్లో అన్నాను.

"మీ వాకిలి ఎలగుంతాది?"

అప్పుడు వెలిగిందండీ నాకు. మా వాకిలి ఎలా ఉంటుందంటే, మా ఊరు కొండల కింద ఉంది కదా, వానొస్తే నీళ్ళు ఇంటి మీదకి దూకుతాయి. అందుకని మా వీధిలో ఎవరు ఇల్లు కట్టుకున్నా వాకిలి వీధి వైపుకి బాగా వాలు పెట్టి సిమెంటు చేయిస్తారు. బిందె పెడితే ఒరుగుతుంది. పన్నెండేళ్ళుగా ఆ వాలు మీద నడుస్తున్నాను, ముగ్గులేస్తున్నాను, నా కాళ్ళకి అదే చదునైపోయింది. ఆ వాలు మీద ముక్కు పైకెత్తి నిలబడ్డ బండిలో, ఒక్క నూలు తేడా రాకుండా మంచం కట్టమన్నాను. సింహాచలం ఒక్క నూలు తేడా రాకుండా కట్టాడు. అంటే మా వాకిట్లో ఉన్నంతసేపూ మంచం చదును. బండి కదిలిందా, అప్ప జారుడుబండ మీద ఉన్నట్టే. ఆ బల్ల మీద రసమట్టం పెట్టి, బండి చదునుగా ఉందని నేను గేజి చూశాను. ముక్కు పైకున్న బండిలో ఆయిలు వెనక్కి పోతుంది, గేజికి అందదు. అందలేదని నేను పోసుకుంటూ పోయాను. గడిచిన వారమే తొమ్మిదో తరగతికి నీరు పల్లమెరుగు అని పాఠం చెప్పొచ్చాను.

పైడిరాజుగారు నవ్వుతారేమోనని చూశాను. ఆయన తల ఊపి, ఇంకొంచెం దూరం తోలుంటే ఇంజిను తన ఆయిలు తనే తాగేసి ఎవరు ఆపినా ఆగకపోయేదమ్మా, అని మాత్రం అన్నారు. లోపల అప్ప విందో లేదో నేను తిరిగి చూడలేదు.

ఇంజిను చల్లారేదాకా ఆగి, ఎక్కువైన ఆయిలు దింపాలన్నారు. పట్టడానికి వెడల్పాటి గిన్నె ఏదైనా ఉందా అనడిగారు. నా ఇల్లుబండిలో సింకుంది, పొయ్యుంది, కర్టెన్లున్నాయి, గిన్నె లేదు. వెడల్పాటిది ఒక్కటే ఉంది. నేను దానివైపు చూడగానే అప్ప మంచం మీంచి, ఆ తొట్టె ముట్టుకున్నావంటే చూడు అంది. వెంటనే తనే, పట్టుకెళ్ళు, ముహూర్తం కన్నా తొట్టె ఎక్కువేటి, అంది. సబ్బులు, తువ్వాళ్ళు తీసి పరుపు మీద పెట్టి, మనవడి గులాబీ రంగు తొట్టె బండి కిందకి తోశాం. పైడిరాజుగారు నట్టు కాస్త వదులు చేసి, ఆయిలు వదిలి, మళ్ళీ బిగించి, గేజి చూసి, మళ్ళీ వదిలారు. మూడోసారికి, చాలన్నారు. తొట్టె అడుగంతా నల్లబడింది.

అప్పటికి టైము పదిన్నర దాటింది. పైపుల్లోకి పోయిన ఆయిలు ఇంకా కాసేపు పొగొస్తుంది, భయపడకుండా మెల్లగా తోలమ్మా, నేను వెనకే ఉంటాను, అన్నారు. అలాగే తోలాను. ముందు పొగ కక్కుతూ పూల కర్టెన్ల ఇల్లుబండి, వెనకాల పన్నెండు చక్రాల లారీ. రామభద్రపురంలో జనం నిలబడి చూశారు. పదకొండుంపావు నాకు స్టీరింగ్ మీదే అయిపోయింది. అప్పకి చెప్పలేదు. అద్దంలో చూస్తే కళ్ళు మూసుకుని ఉంది, మా ఆయన వీపు అలాగే ఆ పాదాలకి ఆని ఉంది.

సాలూరులో దివ్య అత్తారి వీధిలోకి తిరిగేసరికి పన్నెండుకి పది నిమిషాలు. అయిపోయుంటుంది అనుకున్నాను. కాలేదు. తర్వాత దివ్య చెప్పింది. ముహూర్తం దాటిపోతోందని అందరూ కంగారు పడుతుంటే మా బావ వెళ్ళి ఉయ్యాల పక్కన నేల మీద కూచుని, గొలుసు చేత్తో పట్టుకున్నాడట. అమ్మమ్మ రానిదే ఈ పసిగుంటడు ఇందులోకి ఎక్కేది లేదని తేల్చి చెప్పాడట. అయ్యగారు పంచాంగం తిరగేసి, పన్నెండున్నర దాకా మంచిదే అన్నారట. మా బావ మొహం చూశాక ఆయనకి మంచి గడియ దొరకక ఏమవుతుంది.

బండి ఆగగానే బావ తలుపు తీసి లోపలికెక్కాడు. అప్పని దింపబోతే ఆవిడ మొహంలో నొప్పి కనిపించింది. దారంతా జారిన నడుము కదా. వద్దు, కదపొద్దు అన్నాడు. కిందకి దిగి, పైడిరాజుగారి దగ్గర మంచం వాలు సంగతి విని, పక్కన ఇల్లు కట్టేచోట్నుంచి ఇటుకలు తెప్పించి, ముందు చక్రాల దగ్గర వరసగా పేర్పించాడు. తను ఎదురుగా నిలబడి, ఆనని కళ్ళతోనే, రా, ఇంకా రా, అని చేతులతో నన్ను పిలిచాడు. జానెడు లేచాక ఆపమన్నాడు. లోపలికెక్కి పరుపు మీద అరచెయ్యి పెట్టి చూశాడు. ఇప్పుడెలగున్నాది అని అప్పనడిగాడు. అప్ప, ఇప్పుడు బాగున్నాది అంది.

దివ్య అత్తగారు పెద్ద మనిషి. వాకిట్లోంచే, వదినగారు రాలేకపోతే ఉయ్యాలే ఎల్తాది, తెండి ఇలగ, అన్నారు. మా బండి ఒకప్పుడు స్కూలు వ్యాను కదా, పిల్లలు పట్టుకోడానికి పైన ఇనప కమ్మీ ఉంది. దానికి గొలుసులు తగిలించి, అప్ప చేతికందేలా ఉయ్యాల వేలాడదీశారు. పూల కర్టెన్లు అన్నీ తీసేశారు, వీధిలోవాళ్ళు కిటికీల్లోంచి చూశారు. అయ్యగారు మెట్టు మీద నిలబడి మంత్రాలు చదివారు. దివ్య పిల్లాణ్ణి తెచ్చి అప్ప గుండెల మీద పెట్టింది. అప్ప వాణ్ణి చాలాసేపు ఉంచుకుంది. ఎవరూ తొందర పెట్టలేదు. ఆ తర్వాత పడుకునే తన రెండు చేతులతో ఎత్తి ఉయ్యాల్లో వేసింది. ఒక్క వేలితో ఊపింది. నేను డ్రైవరు సీట్లో కూచుని, అద్దంలోంచే అంతా చూశాను.

భోజనాలయ్యాక బావ వచ్చి బండి మెట్టు మీద కూచున్నాడు. అప్ప లోపల మనవడితో ఉంది, మా ఆయన ఉయ్యాల గొలుసు పట్టుకుని ఉన్నారు. బావ ఒక చుట్ట తీసి, పిల్లాడున్నాడని గుర్తొచ్చి మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. "సిన్నీ, ఇంతకీ ఎంత పోసినావు?" అన్నాడు.

"ఆరున్నర" అన్నాను. ఏం చెయ్యమంటారు, నోటికొచ్చింది.

ఉయ్యాల ఊపుతూ మా ఆయన, తలెత్తకుండా, "ఎనిమిదిన్నర" అన్నారు.

అప్పుడు నవ్వాడు మా బావ. పొద్దుట్నుంచీ దాచుకున్నదంతా కలిపి నవ్వాడు. మెట్టు మీంచి జారిపోయేలా నవ్వాడు. అప్ప నడుం పట్టుకుని, నవ్వించకండర్రా, కుట్లేసిన చోట లాగుతన్నాది, అంటూనే నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ బావ కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టి, ఎంతసేపటికీ ఆపలేదు. పొద్దున ఫోన్లో ఆయనెందుకు నవ్వలేదో నాకప్పుడు పూర్తిగా తెలిసింది. నేనూ ఏడ్చాను.

ఇదండీ సంగతి. సింహాచలం వచ్చి మంచం విప్పి మళ్ళీ కడుతున్నాడు, ఈసారి స్కూలు గ్రౌండులో నిలబెట్టి. రసమట్టం ఆయనకి ఇచ్చేశాను. నాకు అక్కర్లేదు. పెళ్ళయిన పదహారేళ్ళుగా నా పక్కనే ఒక గేజి ఉంది. తప్పు చూపించదు, మాటకి మాట పెంచదు. నేనే ఏనాడూ తీసి చూడలేదు.